వంతలు మనమే

గోళ్ళరంగు చెరిపే మందు సీసా మూత తీస్తే గుప్పుమంటుంది చూశారూ, గోదావరి జిల్లాల్లో సినిమా హాళ్ళ చుట్టూ పెరిగినవాళ్ళకి అది ప్రొజెక్టరు గది వాసన. తెగిన ఫిల్మును అతికించే సిమెంటులో ఉండేదీ ఆ ఎసిటోనే. దానికి కార్బను మండిన ఘాటూ, మిషను నూనె కమురూ తోడైతే మ్యాట్నీ మొదలైనట్టే లెక్క. మొన్న మా వైపు కాలవ గట్టు మీదున్న పాత హాలొకదాన్ని ఫంక్షన్ హాలుగా మారుస్తూ గోడలు పడగొడుతుంటే, గూట్లోంచి మూత బిగుసుకుపోయిన సిమెంటు సీసా బయటపడింది. మూత ఊడదీసిన కుర్రాడు "ఛీ, ఏం కంపండీ బాబూ" అని విసిరేశాడు. చూడ్డానికొచ్చిన పెద్దవాళ్ళు మాత్రం ముక్కులు ఎగబీల్చారు. అక్కడ మొదలైన కబుర్లు పొద్దుగూకేదాకా తెగలేదు. జనం విరగబడి చూసిన బొమ్మల్లో మా డెల్టావాళ్ళు అసలు ఏం చూశారన్నదే అందులో ముఖ్యాంశం.

హిట్ సినిమాలో ఆలోచించడానికి ఏముంటుందని తీసిపారేసేవాళ్ళు ఉన్నారు. సెకండ్ షో వదిలాక చీకట్లో గట్టు వెంట ఒకరి వెనక ఒకరు మైళ్ళకి మైళ్ళు నడిచి ఇల్లు చేరినవాళ్ళు ఆ మాట అనరు. ఆ దారి పొడుగునా మాటలు ఉండాలి కదా.

* * *

బొమ్మకి అర్థం సగం ప్రొజెక్టరు గదిలోనే తేలిపోయేది. 35 మిల్లీమీటర్ల ఫిల్ము సెకనుకి 24 ఫ్రేముల చొప్పున, నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. అంటే వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలు. రెండు రీళ్ళు కలిపి ఒక స్పూలుకి చుడితే 22 నిమిషాలు. రెండు ప్రొజెక్టర్లున్న హాల్లో స్పూలు అయిపోవస్తుండగా తెర కుడి పై మూల ఒక చుక్క మెరిసేది. అది చూసి ఆపరేటరు రెండో మిషను మోటారు వేసేవాడు. ఏడు సెకన్లకి రెండో చుక్క, అప్పుడు మార్పు. చూసేవాడికి తెలిసేది కాదు.

ఒంటి ప్రొజెక్టరు టూరింగ్ టాకీసుల్లో ఈ వైభోగం ఎక్కడిది? స్పూలు అయినప్పుడల్లా లైట్లు వెయ్యాల్సిందే. అంచేత మూడు గంటల బొమ్మకి ఇంటర్వెల్ ఒకటని పేరేగానీ, నిజానికి ఏడెనిమిది ఉండేవి. కొత్త స్పూలు ఎక్కించి, వెలుగిచ్చే రెండు కార్బను కడ్డీలూ ఎంత మిగిలాయో చూసుకుని, మళ్ళీ వెలిగించేదాకా జనం ఖాళీ. వేయించిన శనక్కాయలు నములుతూ "ఏరా, ఇప్పుడు వాడు చేసింది ధర్మమేనంటావా?" అని ఒకడు కదిపేవాడు. పక్కవాడు అందుకునేవాడు. లైట్లారేసరికి తీర్పు వచ్చేది కాదు, వాయిదా పడేది.

ఇక ఫిల్ము తెగడం సంగతి. తెగిన రెండు కొసలనీ ఫ్రేము గీత దగ్గర కత్తిరించాలి. ఒక కొస మీద రెండు మిల్లీమీటర్ల మేర తడిచేసి, పైనున్న ఎమల్షను పొరని, అంటే బొమ్మ పడే పూతని, బ్లేడుతో గోకెయ్యాలి. సిమెంటు కింది బేసుని కరిగించి రెంటినీ ఒకటి చేస్తుందేగానీ ఎమల్షను మీద దాని పప్పులుడకవు. మరీ గోకితే బేసు పలచబడి మళ్ళీ అక్కడే తెగుతుంది. పక్క రంధ్రాలు, ఫ్రేముకి నాలుగేసి, ఒకదాని మీద ఒకటి అచ్చంగా కూర్చోవాలి. లేదా బొమ్మ గెంతుతుంది. సిమెంటు రాశాక పది పదిహేను సెకన్లు నొక్కిపట్టాలి. కింద నేలవాళ్ళు ఈలలు వేస్తున్నారని తొందరపడితే గేటులోనే ఊడిపోతుంది, మళ్ళీ మొదటికొస్తుంది.

అతుకు పడినప్పుడల్లా రెండు మూడు ఫ్రేములు పోయేవి. పైగా ఫిల్ము మీద మాట, దాని బొమ్మ పక్కన ఉండదు, ఇరవై ఫ్రేములు ముందుంటుంది. అందుకే అతుకు దగ్గర బొమ్మ ముందు ఎగిరి, ముప్పావు సెకనుకి కాస్త పైగా ఆగి మాట ఎగిరేది. టౌన్లో వంద రోజులాడి, బీ సెంటర్లన్నీ తిరిగి, చివరికి మా ఊరి హాలుకి చేరే ప్రింటులో ఎక్కువ అతుకులు ఎక్కడుండేవో తెలుసా? జనం ఎక్కువ మెచ్చిన చోట. ఫ్రేములు కత్తిరించి దాచుకునే ఆపరేటర్లు కూడా అక్కడే కత్తిరించేవారు మరి. అంచేత కోర్టు సీనులో, సభ సీనులో సరిగ్గా అసలు మాట దగ్గర "టక్"మనేది. పోయిన మాటని హాలంతా కలిసి పలికేది.

* * *

ఆ అలవాటు సినిమాతో వచ్చింది కాదు. బుర్రకథలో కథకుడు మధ్యన తంబురాతో నిలబడతాడు, రెండు పక్కలా ఇద్దరు వంతలు. ఒకడిది హాస్యం, ఇంకొకడిది రాజకీయం. పల్నాటి యుద్ధమే చెబుతున్నా సరే, రాజకీయపు వంత మధ్యలో ఆపి కంట్రోలు బియ్యం సంగతి లాగేవాడు, మొన్నటి ఎన్నికల్లో పంచిన డబ్బు సంగతి అడిగేవాడు. కథకుడు దానికి జవాబు చెప్పి కథలో పడేవాడు. పాత కథకి ఇవాళ్టి వ్యాఖ్యానం లేకపోతే అది కథే కాదు మా పెద్దవాళ్ళకి.

సినిమా వచ్చి కథకుణ్ణి పెద్దవాణ్ణి చేసింది, వంతలిద్దర్నీ మాత్రం తీసేసింది. ఆ ఖాళీలో జనం దూరారు. హాస్యం నేలవాళ్ళు పట్టారు, రాజకీయం బెంచీవాళ్ళు పట్టారు. కుర్చీవాళ్ళు విని నవ్వుకునేవారు. బాల్కనీ సంగతి తర్వాత చెబుతాను.

ఫిల్ము బాక్సుతో పాటు డిస్ట్రిబ్యూటరు తాలూకు రిప్రజెంటేటివ్ ఒకాయన దిగేవాడు, టిక్కెట్లు లెక్క చూడ్డానికి. ఆయన రాసే రోజువారీ కలెక్షను కాగితంలో నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ దేనికది గడి. మొదటి వారం అన్ని గళ్ళూ నిండేవి. రెండో వారం బాల్కనీ జారిపోయి నేల నిలబడిందంటే ఆ బొమ్మలో ఎవరినో ఎవరో నిలదీస్తున్నారన్నమాట. నేల జారి బాల్కనీ నిలబడితే కుటుంబ కథ. బొమ్మ చూడకుండానే కాగితం చూసి చెప్పగలిగేవారు ఆ పనిలో పండినవాళ్ళు.

* * *

'మాయాబజార్' (1957)లో పాండవులు కనపడరన్న సంగతి చాలామందికి రెండోసారి చూస్తేగానీ తట్టదు. అభిమన్యుడున్నాడు, సుభద్ర ఉంది, ఘటోత్కచుడున్నాడు. ఆ అయిదుగురూ మాత్రం లేరు. మా వైపు దీని మీద నడిచిన వాదన ఇది: రాజ్యం పోయినవాడు తెర మీద కూడా ఉండడు. శశిరేఖని అభిమన్యుడికిస్తామన్న మాట ఎందుకు తప్పారు? పాండవుల ఆస్తి పోయింది గనక. సంబంధం కుదిరాక అవతలివాళ్ళ పొలం దాయాదుల పాలైందని తెలిసి తాంబూలాలు వెనక్కి పంపిన ఇళ్ళు డెల్టాలో లేవా? శశిరేఖ తల్లి రేవతీదేవిని ఆడవాళ్ళు ఊళ్ళో ఎవరెవరితోనో పోల్చి నవ్వుకునేవారు, పేర్లు చెప్పకుండా.

అందులో ప్రియదర్శిని పెట్టె ఉంటుంది. మూత తీసినవాడికి తనకి ఎక్కువ ఇష్టమైనది కనపడుతుంది. శశిరేఖకి అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలు. కృష్ణుడు తెరిస్తే శకుని. పిల్లలు నవ్వి ఊరుకునేవారుగానీ పెద్దవాళ్ళకి అది పెద్ద చిక్కు. దేవుడికి ఇష్టమైనవాడు శకుని ఏమిటి? "పని జరగాలంటే వాడు కావాలి మరి" అని ఒకరు, "ఎవడు ఎదురైతే ఆట రక్తికడుతుందో వాడే ఇష్టుడు" అని ఇంకొకరు. వేదాంతం చదివినవాళ్ళు కాదు వీళ్ళు, హరికథలు విని విని ఈ భాష పట్టుకున్నవాళ్ళు. చివర్లో శకుని చేత నిజం కక్కించే సత్యపీఠం వచ్చినప్పుడల్లా మాత్రం హాస్యపు వంత నేల మీంచి లేచేది: "ఆ పీటని ఓసారి మా పంచాయతీకి పంపండయ్యా!"

* * *

అన్నిటికన్నా ఎక్కువ నలిగింది కర్ణుడు.

1977 సంక్రాంతికి 'దానవీరశూరకర్ణ' వచ్చింది. సార్వా పంట నూర్చి, చేతిలో నాలుగు డబ్బులాడే రోజులు. దేశంలో ఎమర్జెన్సీ ఇంకా ఎత్తెయ్యలేదు. పేపర్లో రాయకూడనివి, మీటింగులో అనకూడనివి చాలా ఉన్నాయి. అలాంటప్పుడు నాలుగు గంటలకి దగ్గరగా నడిచే బొమ్మ, అందులో ఎన్.టి. రామారావుగారే కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు. దర్శకత్వం కూడా ఆయనదే. మాటలు కొండవీటి వెంకటకవిగారివి. అస్త్రవిద్యల ప్రదర్శనలో కర్ణుణ్ణి కులం అడిగితే దుర్యోధనుడు లేచి సభలో పెద్దల పుట్టుకలన్నీ వరసబెట్టి ఏకరువు పెడతాడు. ఆ మాటలు ఇక్కడ రాయక్కర్లేదు, రానివాళ్ళు లేరు.

దళిత పేటల్లోంచి వచ్చినవాళ్ళు ఆ సీనుకి నేల మీద కూర్చునేవారు కాదు. లేచి నిలబడేవారు. వెనక బెంచీవాళ్ళు "కూర్చోండ్రా" అనడానికి జంకేవారు, ఆ పది నిమిషాలు మాత్రం. అప్పటికి చాలా ఊళ్ళలో కాఫీ హోటళ్ళలో పేటవాళ్ళ గ్లాసులు వేరేగా, బయట చూరుకి దోపి ఉండేవి. ఆ గ్లాసు కడుక్కుని తాగి వచ్చినవాడికి ఆ సీను ఏమిటో బాల్కనీలో కూర్చున్నవాడికి ఎలా తెలుస్తుంది?

అయితే డెల్టా అక్కడ ఆగలేదు. బొమ్మ రెండోసారి చూశాక కౌలురైతులు వేరే మాట ఎత్తారు. దుర్యోధనుడు కిరీటం పెట్టాడు, బాగానే ఉంది. ఆ అంగరాజ్యం ఊరికే ఇచ్చాడా? కిరీటం నెత్తిన పడిన నిమిషం నుంచీ కర్ణుడికి సొంత నోరు లేదు. ద్రౌపదిని సభకి ఈడ్చినా ఆ పక్షమే. కృష్ణుడొచ్చి నువ్వు కుంతి కొడుకువయ్యా, పెద్దవాడివి, రాజ్యం నీదే అన్నా కదలడు. ఇదేమిటో కౌలుదారుకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. 1956లో కౌల్దారీ చట్టం వచ్చినా కాగితం రాసిచ్చే ఆసామి అరుదు, రాస్తే కౌలుదారుకి హక్కొస్తుందన్న భయం. అంతా నోటిమాట. ఎకరానికి ఇన్ని బస్తాలని మక్తా మాట్లాడుకోవడం, వచ్చే ఏడు పొలం ఉంటుందో ఊడుతుందో ఆసామి దయ. ఓటు కూడా ఆయన చెప్పినవాడికే. అంటే గౌరవం దానంగా వస్తే అది అప్పు కింద జమ పడుతుందన్నమాట, వడ్డీతో.

దీనికి ఎదురువాదన కూడా గట్టిగానే ఉండేది. ఉప్పు తిన్నాక మాట మీద నిలబడటం మగతనమనీ, కర్ణుడు పక్షం మారి ఉంటే మనం వాడి పేరు కూడా తలుచుకోమనీ. ఓసారి ఇలా ఋణం, ఋణం అని వాదన ముదురుతుంటే, హరికథలకి మద్దెల వాయించే పెద్దాయన ఒకరు చుట్ట నోట్లోంచి తీసి, "దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అని మూడే చెప్పారు పెద్దలు. ఆసామి ఋణం ఏ శాస్త్రంలో ఉందిరా?" అన్నారు. చాలా ఏళ్ళు అది ఊళ్ళో సామెతలా తిరిగింది.

నలభై ఏళ్ళకి 'బాహుబలి' మొదటి భాగం (2015) వచ్చి, కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్నని దేశం మీదికి వదిలి రెండేళ్ళు ఊరించింది. 2017లో జవాబొచ్చింది. మా పెద్దవాళ్ళకి అదేమంత మిస్టరీ అనిపించలేదు. ఎప్పుడో తాతముత్తాతలు సింహాసనానికి రాసిచ్చేసిన మాటకి మనవడు కత్తి దూస్తాడు. తండ్రి తీసుకున్న అప్పుకి కొడుకు పాలేరుగా చేరడం చూసిన కళ్ళవి. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది, కర్ణుడి బొమ్మకి సరిగ్గా ముందు. కట్టప్పని చూసి కుర్రాళ్ళు "పాపం, ఎంత విశ్వాసం" అంటుంటే ముసలాళ్ళు పెదవి విరిచారు. ఈ విషయంలో నేను ముసలాళ్ళ పక్షం. ఆ బొమ్మ విశ్వాసాన్ని అందంగా చూపిస్తుందిగానీ, ఆ సంకెల ఎవరు వేశారని గట్టిగా అడగదు. దుర్యోధనుడి బొమ్మలో కనీసం సభ ఉంది, ప్రశ్న ఉంది.

* * *

కత్తిరించిన ఫ్రేముల సంగతి చెప్పాలి. పిల్లలకి అది సొంత సినిమా. మాడిపోయిన బల్బు తీసుకుని, వెనక మూతి జాగ్రత్తగా కొట్టి లోపలి తీగలు లాగేసి నీళ్ళు నింపితే అదే లెన్సు. తలుపులన్నీ మూసిన గది, తలుపుకి రూపాయి బిళ్ళంత కన్నం. బయట ఒకడు అద్దం పట్టుకుని ఎండని ఆ కన్నంలోకి కొట్టాలి. లోపల ఫిల్ము ముక్కని తలకిందులుగా పట్టుకోవాలి, బల్బు దానికి మూడు నాలుగు వేళ్ళ ఎడంలో ఉండాలి. గోడ మీద తాతగారి పంచె. అద్దం పట్టుకున్నవాడి చెయ్యి కదిలితే బొమ్మ గోడెక్కి పోయేది. నీళ్ళలో బుడగ ఉంటే మొహం మధ్యలో చంద్రుడు. రామారావుగారి ఫ్రేము ఒకటికి వేరేవాళ్ళవి నాలుగు ఇవ్వాలని బేరం.

కదిలే బొమ్మలో కనపడనివి ఆగిన బొమ్మలో కనపడేవి. సింహాసనం వెనక వింజామర పట్టుకున్నమ్మాయి మొహం అప్పుడే చూసేవాళ్ళం. యుద్ధం ముక్కలు రెండు పక్కపక్కన పెడితే కౌరవ సైన్యంలో బల్లెం పట్టుకున్న మీసాలాయనే పాండవ సైన్యంలోనూ బల్లెం పట్టుకుని ఉండేవాడు, తలపాగా మారేది అంతే. కురుక్షేత్రంలో ఎవరు గెలిచినా ఆయన కూలి ఆయనకి వచ్చి ఉంటుందని పిల్లలు తీర్పు చెప్పేశారు. గీతకి ఇంతకన్నా సూటి వ్యాఖ్యానం పెద్దవాళ్ళ దగ్గర వినలేదు.

* * *

'ముత్యాలముగ్గు' (1975) కాంట్రాక్టరు గురించి ఒక్క మాట. ఆ వేషం రావు గోపాలరావుగారు కట్టారు, ఆయన మా కాకినాడ వైపు మనిషే. యాస మనది, తీరు మనది. వేసవిలో కాలవలు కట్టేసి పూడికలు తీయించే రోజుల్లో, లాకులు బాగుచేయించే రోజుల్లో అలాంటి కాంట్రాక్టర్లు గట్ల మీద కుర్చీ వేయించుకుని కూర్చోవడం ఊరంతా చూసిందే. నీళ్ళొదిలాక కొలత ఎవరికి అందుతుంది? బొమ్మ వచ్చాక ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళే ఆ డైలాగులు చెప్పి మురిసిపోవడం మొదలెట్టారు. వెక్కిరింతని బిరుదుగా తీసుకోవడం ఒక కళ.

* * *

బొమ్మ మొదట్లో సెన్సారు సర్టిఫికెట్టు వేస్తారు, పది సెకన్లు. ఎవరూ చూడరు, ఈలలు వేస్తారు. బెంచీలో మాత్రం ఒకరిద్దరు ఆ కాగితం మీద ముక్కోణం గుర్తు ఉందా అని చూసేవారు. ముక్కోణం ఉంటే సెన్సారువాళ్ళు కత్తెర వేశారని అర్థం. "ఉందిరోయ్" అన్నారంటే ఇక మూడు గంటలూ ఏం తీసేసి ఉంటారన్నదే ధ్యాస.

పాలకొల్లు మనిషి దాసరి నారాయణరావుగారు రామారావుగారితో 'సర్దార్ పాపారాయుడు' (1980), 'బొబ్బిలి పులి' (1982) తీసిన రోజుల్లో ఆ ధ్యాస మరీ ఎక్కువ. 1982 మార్చి 29న రామారావుగారి తెలుగుదేశం పార్టీ పుట్టింది, 1983 జనవరిలో ఎన్నికలు. ఆ మధ్యలో 'బొబ్బిలి పులి'. పెళ్ళి మైకుల్లో మంగళవాయిద్యం ఆపి కోర్టు సీను క్యాసెట్టు వేసేవారు. జనం మాటల్ని మెచ్చుకున్నారని అందరూ అంటారు. నా లెక్కలో అసలు సంగతి ఎవరెక్కడున్నారన్నది. బోనులో నిలబడ్డవాడు అడుగుతాడు, ఎత్తు కుర్చీలో కూర్చున్నవాడు వింటాడు. తాలూకాఫీసులో, కరణంగారి అరుగు దగ్గర, సొసైటీలో జీవితమంతా నిలబడే ఉన్న జనానికి అది చాలు. చైతన్యరథం పైకప్పు మీద ఆయన నిలబడి మాట్లాడుతుంటే కొత్తగా వినాల్సింది ఏమీ లేదు. ఆ విరుపులు, ఎక్కడెక్కడ ఆగుతాడో, అంతా హాల్లోనే పాఠం అయిపోయింది. 294 సీట్లలో రెండొందలు దాటి వచ్చాయి. ఈ సంగతి పేపర్లకన్నా ముందు కలెక్షను కాగితాలకి తెలుసు.

ఆ బొమ్మల్లో నాకు నచ్చని పాత్ర ఒకటుంది: జనం. చివర్లో చేతులు కట్టుకు నిలబడతారు, ఏడుస్తారు, జేజేలు కొడతారు. 1955లో 'రోజులు మారాయి' వచ్చినప్పుడు అలా కాదు. రైతులు పదిమంది కూడి నిలబడితే భూమి దక్కుతుందన్న కథ అది. తాపీ చాణక్యగారి దర్శకత్వం, కొసరాజుగారి ఏరువాక పాట. విచిత్రమేమిటంటే ఆ ఏడు ఫిబ్రవరి ఎన్నికల్లోనే ఆంధ్రలో కమ్యూనిస్టులు 15 సీట్లకి పడిపోయారు. ఓట్లలో ఓడిన మాట పాటలో గెలిచింది. పాతికేళ్ళు తిరిగేసరికి అటుదిటైంది. ఓట్లలో జనం గెలిచారు, బొమ్మలో మాత్రం పదిమంది పోయి ఒక్కడు మిగిలాడు. దాని ఫలితం ఇప్పటికీ అనుభవిస్తున్నాం, ఏ పార్టీ జెండా అయినా సరే.

ఆ 'పదిమంది' మళ్ళీ కొంచెం కనపడింది 'రంగస్థలం' (2018)లో. సుకుమార్‌గారిది మట్టపర్రు. సొసైటీ అప్పులు, వేలిముద్రలు, ఏళ్ళ తరబడి ఏకగ్రీవంగా కుర్చీలో ఉన్న ప్రెసిడెంటు, పోటీగా నామినేషను వెయ్యడమే సాహసం అనుకునే ఊరు, ఇవన్నీ కోనసీమ వాడికి తప్ప రాయడానికి రావు.

* * *

అల్లూరి సీతారామరాజు సంగతి వేరు, ఆయన మావాడన్న పట్టింపు మాకుంది. భీమవరం పక్క మోగల్లు వాళ్ళది, నరసాపురంలో కొన్నాళ్ళు చదువు. 1974లో కృష్ణగారి బొమ్మ వచ్చినప్పుడు ఆ ఊళ్ళవాళ్ళు బళ్ళు కట్టుకుని వెళ్ళారు. శ్రీశ్రీగారి పాట దేశంలో బహుమతి తెచ్చుకుంది.

అది సినిమాస్కోపు. ఎత్తుకి రెండున్నర రెట్లకి కాస్త తక్కువ వెడల్పు. ఫిల్ము మీద బొమ్మని పక్కలనుంచి నొక్కి సగం చేస్తారు, ప్రొజెక్టరుకి వేరే లెన్సు తగిలిస్తే అది మళ్ళీ సాగుతుంది. లెన్సు తగిలించకపోతే మనుషులు వెదురుబొంగుల్లా పొడుగ్గా పడతారు. లెన్సు బాడుగకి తెచ్చుకున్నా అసలు చిక్కు తెరది. పాత హాళ్ళ తెరలు నలుచదరానికి కొంచెం ఎక్కువ. వెడల్పంతా పట్టించాలంటే బొమ్మ ఎత్తు సగమైపోయి, పైనా కిందా తెల్లగుడ్డ ఖాళీగా మిగిలేది. జనం డబ్బులు వాపసు ఇమ్మని గోల. అందుకని చాలామంది ఓనర్లు ఎత్తు నింపేసి, పక్కలు పోతే పోనీ అనుకున్నారు. అటూ ఇటూ బొమ్మ నల్లగుడ్డ మీదా, సున్నం గోడ మీదా పడి చెదిరిపోయేది.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ చెదిరిపోయిందేమిటి? నడి మధ్య రామరాజు నిలబడి ఉంటాడు, విల్లుతో. అటూ ఇటూ మన్యంవాళ్ళు. గోడ మీదికి పోయింది వాళ్ళు. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లు 1922 ఆగస్టులో ఒక దాని తర్వాత ఒకటి కొట్టింది ఒక్క మనిషా? 1882 అడవి చట్టం ఎవరి పోడు సేద్యం మీదికి వచ్చింది? గూడెం తహసీల్దారు బాస్టియన్ కూలి సరిగా ఇవ్వకుండా రోడ్డు పనులు చేయించింది ఎవరి చేత? మా డెల్టాకి ఆ బాధ లేదు. మాకు ఆనకట్ట ఉంది, కాలవలున్నాయి, కాటన్ దొరకి దణ్ణాలు పెట్టే ఊళ్ళు మావి. తెల్లదొరని ఒక పక్క పూజిస్తూ, ఇంకో పక్క తెల్లదొరల మీద తిరగబడ్డవాడు మావాడేనని మీసం మెలేస్తాం. రెండూ నిజమే. రెండిటికీ పొత్తు ఎలా కుదిరిందో బెంచీలో ఎప్పుడూ తేలలేదు.

2022లో 'ఆర్ఆర్ఆర్' వచ్చింది. ఇప్పుడు హాళ్ళలో రీళ్ళు లేవు, తెర చాలకపోవడం లేదు, పక్కలు కోసెయ్యడం లేదు. అల్లూరీ, కొమరం భీమూ కలిసినట్టు కల్పన. చివరికి రాముడి వేషంలో విల్లు పట్టుకుని మనవాడు, పక్కన భీముడు. నీకేం కావాలని అడిగితే భీముడు చదువు చెప్పమంటాడు. భీమవరం దారిలో టీ కొట్టు దగ్గర దీని మీద జరిగిన రభస చెప్పి ఊరుకుంటాను. కుర్రాడొకడు, "చదువు అడిగితే తప్పేముందండీ, అంబేద్కర్‌గారూ అదే చెప్పారు" అన్నాడు. నిజమే. ఎదురుగా కూర్చున్న రిటైరైన మాష్టారు, "ఆయ్, చదువు అడగడం తప్పు కాదు నాయనా. మోగల్లు నుంచి వెళ్ళినాయనకి అడవిలో దారి చూపించిందెవరు? గాం గంటందొర, మల్లుదొర. వాళ్ళ దగ్గర ఈయన నేర్చుకున్న సీను ఏదీ?" అన్నారు.

"అవన్నీ పెడితే బొమ్మ ఆరు గంటలవుద్దండీ."

"అవనీ. కర్ణుడికి నాలుగు గంటలు కూర్చోలేదా మేం? ఆ మల్లుదొర జైళ్ళన్నీ తిరిగొచ్చి 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచాడు, ఇండిపెండెంటుగా. ఉరితాడు దగ్గరిదాకా వెళ్ళొచ్చినవాడు పార్లమెంటు మెట్లెక్కుతుంటే ఇంటర్వెల్ కార్డు వేసుకో. రెండో సగం ఏం తీస్తావో నీ ఇష్టం. బాల్కనీ టిక్కెట్టు నేనే కొంటాను."

"మాష్టారూ, ఇప్పుడు బాల్కనీలు లేవండీ, రిక్లైనర్లు."

"పోనీ అదే."